చూసిన కళ్లు... చూడని మాటలు

ఇరాక్‌లో జనహనన ఆయుధాల కోసం ఏడేళ్లు గాలించిన అమెరికా మెరీన్ అధికారి స్కాట్ రిట్టర్. యుద్ధానికి ముందే ‘అంత ముప్పు అక్కడ లేదు’ అన్నారు. ఆ మాటే నిజమైంది. తర్వాత తాను అడుగుపెట్టని యుద్ధరంగాల మీదా అంతే ధీమాగా తీర్పులు చెప్పి, సంపాదించుకున్న నమ్మకాన్ని చేజేతులా పోగొట్టుకున్నారు. ఆయుధ తనిఖీ అనే పనికి ఉన్న విలువ, దానికున్న హద్దు రెండూ ఆయన జీవితంలో కనిపిస్తాయి.

2002 సెప్టెంబరు 8. బాగ్దాద్‌లో ఇరాక్ జాతీయ అసెంబ్లీ సభ్యుల ముందు ఓ అమెరికన్ ప్రసంగించారు. తన దేశం చారిత్రక తప్పిదానికి ఒడిగట్టబోతోందని, ఇరాక్ వల్ల అమెరికాకు ముప్పుందని చెప్పడానికి రుజువు లేదని అన్నారు. ఆతిథ్యం ఇచ్చినవాళ్లకూ ఓ మాట చెప్పారు: ఐక్యరాజ్య సమితి ఆయుధ తనిఖీ బృందాలను షరతుల్లేకుండా రానివ్వండి, మీకు వేరే దారి లేదు!

అంతకు నాలుగేళ్ల ముందు ఇదే మనిషిని ‘సీఐఏ గూఢచారి’ అంటూ ఇరాక్ ప్రభుత్వం అడ్డుకుంది. ఈసారి అమెరికాలో కొందరు వ్యాఖ్యాతలు ఆయన్ను దేశద్రోహి అన్నారు. ఆరు నెలలు దాటిన కొద్ది రోజులకే, 2003 మార్చి 20న, అమెరికా సేనలు ఇరాక్‌లోకి చొరబడ్డాయి. యుద్ధానికి సాకుగా చూపిన ఆయుధ నిల్వలు ఎక్కడా దొరకలేదు.

రిట్టర్ బతుకంతా ఒక సూత్రం మీద నడిచింది. కళ్లారా చూసినదాన్ని చెప్పినంతకాలం ఆయన మాటను శ్వేతసౌధం కూడా పడగొట్టలేకపోయింది. చూడనిదాన్నీ అదే ధీమాతో చెప్పడం మొదలయ్యాక ఆయన్ను పడగొట్టడానికి ఎవరూ శ్రమపడనక్కర్లేకపోయింది.

క్షిపణి కర్మాగారం గేటు దగ్గర

రిట్టర్ 1961లో ఫ్లోరిడాలో పుట్టారు. కాలేజీలో సోవియట్ చరిత్ర చదివి, మెరీన్ దళంలో నిఘా అధికారిగా చేరారు. ఆ చదువే ఆయన్ను తనిఖీ పనిలోకి తెచ్చింది. 1987 డిసెంబరు 8న అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచెవ్ మధ్యశ్రేణి అణు క్షిపణుల ఒప్పందంపై సంతకాలు చేశారు. 500 నుంచి 5,500 కిలోమీటర్ల దూరం వెళ్లే, నేల మీది నుంచి ప్రయోగించే క్షిపణులను రెండు దేశాలూ పూర్తిగా వదులుకోవాలన్నది షరతు. 1991 నాటికి 2,692 క్షిపణులను ధ్వంసం చేశారు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఊహకందని సంగతి ఇంకోటి జరిగింది. ఒక దేశపు తనిఖీ అధికారులు మరో దేశపు ఆయుధ కర్మాగారం గేటు దగ్గరే కాపురం పెట్టారు. సోవియట్ అధికారులు అమెరికాలోని యూటా రాష్ట్రంలో మ్యాగ్నా పట్టణానికి వచ్చారు. అమెరికన్లు రష్యాలోని వోట్కిన్స్క్‌కు వెళ్లారు. సంగీతకారుడు చైకోవ్‌స్కీ పుట్టిన ఊరది. ఆ అమెరికన్లలో రిట్టర్ ఒకరు.

వోట్కిన్స్క్‌లో పని చెప్పుకోవడానికి చిన్నది, చేయడానికి కత్తి మీద సాము. ఆ కర్మాగారంలో ఒప్పందం నిషేధించిన ఎస్‌ఎస్-20 తయారయ్యేది. నిషేధంలో లేని ఎస్‌ఎస్-25 కూడా అక్కడే తయారవుతుండేది. రెండింటి మొదటి దశలూ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. గొట్టంలో పెట్టి రైలు పెట్టెలోకి ఎక్కించాక లోపల ఉన్నది ఏదో బయటి నుంచి చెప్పలేం. అందుకే గేటు దాటే ప్రతి పెద్ద వాహనాన్నీ ఆపి కొలవాలి. అవసరమైతే భారీ ఎక్స్‌రే యంత్రం గుండా పంపి చూడాలి. ఆ యంత్రం వాడకంపై 1990లో ఇరుపక్షాలకూ పెద్ద పేచీయే వచ్చింది. అయినా ఒప్పందం తెగలేదు. కొలిచిన కొలత ఇద్దరి కళ్ల ముందూ ఉండటమే దానికి కారణం. అనుమానం ఎంతున్నా, కాగితం మీద అంకె ఒక్కటే.

మొదటి గల్ఫ్ యుద్ధంలోనూ రిట్టర్ అదే పద్ధతి పాటించారు. ఇరాక్ సంచార స్కడ్ క్షిపణి లాంచర్లను ధ్వంసం చేశామని అమెరికా సేనాధిపతి ష్వార్జ్‌కోఫ్ ప్రకటిస్తుంటే, వాటిలో ఒక్కటీ నిర్ధారణ కాలేదని ఈ కింది స్థాయి అధికారి నివేదికలు రాశారు. యుద్ధం తర్వాత అమెరికా వైమానిక దళం చేయించిన సమీక్ష కూడా ఆ కూల్చివేతలకు రుజువు చూపలేకపోయింది.

ఆ యుద్ధం మనకూ దూరపుది కాదు. 1990 ఆగస్టులో ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్ సేనలు కువైట్‌ను ఆక్రమించాక లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో ఇంటికి చేర్చాల్సి వచ్చింది. పొట్టచేత పట్టుకుని వెళ్లి, ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగొచ్చిన వారిలో మన తెలుగు జిల్లాల కూలీలూ, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లూ ఉన్నారు.

దొంగకు తేలు కుట్టినట్టు...

యుద్ధం ముగిశాక 1991 ఏప్రిల్ 3న భద్రతామండలి 687వ తీర్మానం చేసింది. ఇరాక్ తన రసాయన, జీవ ఆయుధాలను, 150 కిలోమీటర్లు దాటి వెళ్లే క్షిపణులను, అణు కార్యక్రమాన్ని అప్పగించాలి. అదంతా పూర్తయ్యేవరకూ ఆర్థిక ఆంక్షలు తొలగవు. దీని కోసమే స్వీడన్ దౌత్యవేత్త రోల్ఫ్ ఎకేయుస్ నాయకత్వంలో ‘అన్‌స్కామ్’ అనే ప్రత్యేక కమిషన్ ఏర్పడింది. అదే ఏడాది సెప్టెంబరులో రిట్టర్ అందులో చేరారు.

ఇరాక్ మొదట్లో దాచింది. పట్టుబడతామన్న భయంతో 1991 వేసవిలో చాలా ఆయుధాలను తనంతట తానే, తనిఖీ అధికారులకు చెప్పకుండా, సరైన రికార్డులు ఉంచకుండా ధ్వంసం చేసింది. ఆ తర్వాత దాని పరిస్థితి దొంగకు తేలు కుట్టినట్టే అయింది. ఉన్నాయంటే నేరం. లేవంటే రుజువు లేదు.

లెక్క ఎలా తేల్చారో స్కడ్ క్షిపణుల ఉదాహరణ చూడండి. సోవియట్ యూనియన్ నుంచి ఇరాక్ కొన్నవి 819. ఇరాన్‌తో యుద్ధంలో ఎన్ని పేల్చారు, 1991లో ఇజ్రాయెల్, సౌదీల మీదికి ఎన్ని వదిలారు, శిక్షణలో ఎన్ని పోయాయి... ఒక్కొక్కటీ రికార్డులతో సరిచూడాలి. రహస్యంగా పేల్చి పాతిపెట్టామన్నవాటి కోసం ఎడారిలో గుంతలు తవ్వాలి. తుప్పుపట్టిన ఇంజిన్ ముక్కలు ఏరి, వాటి మీది నంబర్లను జాబితాతో పోల్చాలి. ఏళ్ల తరబడి ఈ పని చేసి 819లో 817కి లెక్క తేల్చారు. ఆయుధ తనిఖీ అంటే సినిమాల్లో చూపించే వీరోచిత దాడి అనుకుంటాం. నిజానికి అది మట్టి, తుప్పు, రిజిస్టర్ల పని.

1995 ఆగస్టులో సద్దాం అల్లుడు, ఆయుధ కార్యక్రమాల పెద్ద హుస్సేన్ కమెల్ జోర్డాన్‌కు పారిపోయారు. దాంతో ఇరాక్ బెంబేలెత్తి, ఒక కోళ్ల ఫారంలో దాచిన లక్షలాది పేజీల పత్రాలను అప్పగించింది. జీవ ఆయుధాల గుట్టు రట్టయింది. ఆంత్రాక్స్, బోట్యులినం తయారుచేసిన అల్ హకమ్ కర్మాగారాన్ని 1996లో అన్‌స్కామ్ పర్యవేక్షణలో పేల్చేశారు. ఆయుధాలన్నీ ధ్వంసమయ్యాయని కూడా కమెల్ తనిఖీ అధికారులకు చెప్పారు. ఆ మాట 2003లో, యుద్ధానికి కొద్ది వారాల ముందు గానీ పత్రికల్లోకి రాలేదు.

చూసి రమ్మంటే కాల్చి వచ్చారు

ఇరాక్ ఎలా దాస్తోందో కనిపెట్టే విభాగానికి రిట్టర్ అధిపతి అయ్యారు. ఆయుధాలను వెతకడం ఒక పని. దాచే యంత్రాంగాన్ని వెతకడం వేరే పని. సద్దాం భద్రతా వలయం జోలికి వెళ్లకుండా అది సాగదు. రిట్టర్ అమెరికా, బ్రిటన్, ఇజ్రాయెల్ నిఘా సంస్థల సాయం తీసుకున్నారు. గూఢచారి విమానం యూ-2 తీసిన ఫొటోలను విశ్లేషణ కోసం ఇజ్రాయెల్‌కు తీసుకెళ్లారు. దానిపై అమెరికాలో ఎఫ్‌బీఐ ఆరా తీసింది.

ఇక్కడే తనిఖీకీ గూఢచర్యానికీ మధ్య గీత చెరిగిపోయింది. 1998 జనవరిలో రిట్టర్ బృందాన్ని ఇరాక్ అడ్డుకుంది. ఫిబ్రవరిలో ఐరాస ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ స్వయంగా బాగ్దాద్ వెళ్లి రాజీ కుదిర్చారు. ఆగస్టులో ఇరాక్ మళ్లీ సహకారం ఆపేసింది. ఆగస్టు 26న రిట్టర్ రాజీనామా చేశారు. మాటలు గట్టిగా చెబుతూనే వెనక నుంచి తనిఖీలను అమెరికాయే ఆపిస్తోందని ఆరోపించారు. వారం తర్వాత సెనేట్ ముందు సాక్ష్యం చెప్పారు. యుద్ధానికి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయాలు నీ హోదాకు మించినవంటూ అప్పటి సెనేటర్ జో బైడెన్ ఆయనకు చురక వేశారు.

ఆ డిసెంబరులో అన్‌స్కామ్ అధిపతి రిచర్డ్ బట్లర్ తన బృందాలను ఇరాక్ నుంచి వెనక్కి రప్పించారు. వెంటనే, 16వ తేదీ నుంచి నాలుగు రోజులు అమెరికా, బ్రిటన్ బాంబులు కురిపించాయి. కొద్ది వారాలకే అమెరికా పత్రికలు అసలు సంగతి బయటపెట్టాయి. తనిఖీ బృందాల ముసుగులో అమెరికా నిఘా సంస్థలు ఇరాక్ భద్రతా యంత్రాంగం సంభాషణలు విన్నాయని! ఆయుధాలు చూసి రమ్మని పంపితే కాల్చి వచ్చినట్టయింది. దాంతో ఇరాక్ చెబుతూ వచ్చిన ‘గూఢచారులు’ అన్న ఆరోపణకు బలం చేకూరింది. తర్వాత నాలుగేళ్లు ఇరాక్‌లో ఒక్క ఆయుధ తనిఖీ బృందమూ అడుగుపెట్టలేదు. ఆ నాలుగేళ్ల చీకట్లోనే యుద్ధానికి కావాల్సిన కథలన్నీ పుట్టుకొచ్చాయి.

మాట మార్చారా?

రిట్టర్‌ను ఎప్పుడూ వెంటాడిన ప్రశ్న ఇది. 1998లో ఆయన ఇరాక్ తలుచుకుంటే కొద్ది కాలంలోనే ఆయుధ కార్యక్రమాలను తిరిగి మొదలుపెట్టగలదన్నారు. మూడు అణుబాంబులకు విడిభాగాలు దాని దగ్గర ఉన్నాయనీ, అణు ఇంధనమే లేదనీ చెప్పారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ దాన్ని బలపరచలేదు. అది ఆయన చూసింది కాదు, నిఘా వర్గాల నుంచి విన్నది. 2000 నాటికి ఆయన వాదన మారింది. ప్రతి గుండుకూ లెక్క తేలకపోయినా, ఆయుధాలు తయారుచేసే శక్తి పోతే ఆ దేశం నిరాయుధమైనట్టే అన్నారు. ఆయన ఇరాక్ మీద తీసిన డాక్యుమెంటరీకి ఓ ఇరాకీ-అమెరికన్ వ్యాపారి డబ్బు పెట్టడంతో విమర్శలు ఎదురయ్యాయి.

అయినా ఆయన 2002 వాదనను విడిగా చదివితే దాని బలం తెలుస్తుంది. ఇరాక్ జనహనన ఆయుధాల్లో 90 నుంచి 95 శాతం ధ్వంసమైనట్టు తనిఖీల్లో నిర్ధారణ అయిందన్నారు. సారిన్, టాబున్ విషవాయువులు మిగిలి ఉన్నా అయిదేళ్లలో పనికిరాకుండా పోతాయన్నారు. కర్మాగారాలు కూల్చేశాం, కొత్తవి కడితే కనిపించక మానవన్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, 1998 తర్వాత ఏం జరిగిందన్నదానికి తాను పూచీ పడలేనని, అందుకే తనిఖీ బృందాలు తిరిగి వెళ్లాలని పదేపదే చెప్పారు. చూసినదానికీ చూడనిదానికీ మధ్య ఆ రోజు ఆయన స్పష్టమైన గీత గీశారు. అమెరికా ప్రభుత్వం ఆ గీత గీయలేదు.

700 తనిఖీలు, ఒక ముందస్తు తీర్పు

2002 నవంబరులో భద్రతామండలి 1441వ తీర్మానంతో తనిఖీలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి నాయకుడు స్వీడన్‌కు చెందిన న్యాయ నిపుణుడు హాన్స్ బ్లిక్స్. అణు విభాగం ఈజిప్టుకు చెందిన మొహమ్మద్ ఎల్ బరాదీ చేతిలో ఉంది. మూడున్నర నెలల్లో సుమారు 500 చోట్ల 700కు పైగా తనిఖీలు చేశారు. హద్దు మీరిన అల్ సమూద్-2 క్షిపణులు దొరికితే పగలగొట్టించారు. ఆఫ్రికాలోని నైజర్ నుంచి ఇరాక్ యురేనియం కొంటోందనడానికి చూపిన పత్రాలు నకిలీవని 2003 మార్చి 7న ఎల్ బరాదీ భద్రతామండలిలోనే తేల్చిచెప్పారు. పని పూర్తికావడానికి ఇంకొన్ని నెలలు కావాలని బ్లిక్స్ అడిగారు.

బ్లిక్స్ ఎక్కడా ‘ఆయుధాలు లేవు’ అనలేదు. ‘లెక్క తేలలేదు’ అన్నారు. లెక్క తేలకపోవడమంటే ఉన్నట్టు కాదనీ అన్నారు. టీవీ తెరల మీద ఈ మాట చప్పగా ఉంటుంది. తనిఖీ అధికారి నోటి నుంచి రావాల్సిన మాట మాత్రం అదే. ఆ నెలలు ఆయనకు దక్కలేదు. మార్చి 18న బృందాలు వెళ్లిపోయాయి, రెండు రోజులకు యుద్ధం మొదలైంది. అంతకు ముందు ఏడాది, రసాయన ఆయుధాల నిషేధ సంస్థలోకి ఇరాక్‌ను చేర్చుకోవాలని ప్రయత్నించిన దాని అధిపతి, బ్రెజిల్‌కు చెందిన జోసె బుస్తానీని అమెరికా పట్టుబట్టి పదవి నుంచి దింపించింది.

యుద్ధం తర్వాత అమెరికాయే పంపిన అన్వేషణ బృందానికి నాయకత్వం వహించిన డేవిడ్ కే, తాము దాదాపు అందరమూ పొరబడ్డామని 2004 జనవరిలో సెనేట్ ముందు ఒప్పుకున్నారు. ఆయన తర్వాత వచ్చిన చార్లెస్ డ్యూల్ఫర్ నివేదిక, ఇరాక్ తాను ప్రకటించని రసాయన నిల్వలను 1991లోనే ధ్వంసం చేసిందని తేల్చింది. 1991కి ముందునాటి పాత రసాయన గుళ్లు మాత్రం తర్వాతి ఏళ్లలో వేలల్లో దొరికాయి. యుద్ధానికి కారణంగా చెప్పినవి అవి కావు. ఆ యుద్ధంలో 4,400 మందికి పైగా అమెరికా సైనికులు, లక్షకు పైగా ఇరాక్ పౌరులు ప్రాణాలు కోల్పోయారు.

మన దేశంలోనూ తనిఖీలు

రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలో చేరిన భారత్ 1997లో తన దగ్గర వెయ్యి టన్నులకు పైగా రసాయన ఆయుధ నిల్వలున్నట్టు ప్రకటించింది. అంతర్జాతీయ తనిఖీ అధికారుల సమక్షంలో 2009 నాటికి వాటిని పూర్తిగా ధ్వంసం చేసింది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో కొన్ని విభాగాలు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీల పరిధిలో ఉన్నాయి. అక్కడి అణు ఇంధనం లెక్కలు ఆ సంస్థకు చూపాల్సిందే. ఒక దేశం తన మాటను ప్రపంచం నమ్మాలనుకుంటే ఇంతకన్నా మంచి మార్గం లేదు.

చూడని యుద్ధాల మీద తీర్పులు

ఇరాక్ విషయంలో మాట నిజమయ్యాక రిట్టర్‌కు వేదికలు పెరిగాయి. పుస్తకాలు రాశారు, ఊరూరా ప్రసంగించారు. క్రమంగా సాక్షి కాస్తా జోస్యుడయ్యారు. 2005 జూన్‌లో ఇరాన్‌పై బాంబుదాడికి అమెరికా అధ్యక్షుడు బుష్ పచ్చజెండా ఊపారని ఆ ఏడాది మొదట్లో ప్రకటించారు. ఆ జూన్ వచ్చింది, వెళ్లింది. దాడి జరగలేదు.

వ్యక్తిగత జీవితంలోనూ పతనం తప్పలేదు. పదిహేనేళ్ల అమ్మాయిగా ఆన్‌లైన్‌లో పరిచయమైన వ్యక్తితో అసభ్యంగా ప్రవర్తించిన కేసులో 2011లో పెన్సిల్వేనియా జ్యూరీ ఆయన్ను దోషిగా తేల్చింది. అవతల ఉన్నది మారువేషంలోని పోలీసు. జైలు శిక్ష అనుభవించి 2014లో విడుదలయ్యారు. ఆ నేరాన్ని తేలిక చేయడానికి ఏ కారణమూ లేదు. దాని వల్ల 1991-98 నాటి తనిఖీ లెక్కలు మారిపోవన్నదీ అంతే నిజం. గుంతలో దొరికిన ఇంజిన్ నంబరుకు తవ్వినవాడి నడతతో సంబంధం లేదు.

ఉక్రెయిన్ యుద్ధంతో మాత్రం మచ్చ ఆయన వృత్తికే అంటుకుంది. 2022 ఏప్రిల్‌లో బుచా పట్టణ వీధుల్లో పౌరుల శవాలు బయటపడ్డాయి. ఆ హత్యలు ఉక్రెయిన్ పోలీసులే చేశారని రిట్టర్ ప్రకటించారు. ఆయన అక్కడికి వెళ్లలేదు. ఒక్క శవాన్నీ కళ్లారా చూడలేదు. పట్టణం రష్యా సేనల అధీనంలో ఉన్న రోజుల్లోనే ఆ శవాలు వీధిలో పడి ఉన్నట్టు ఉపగ్రహ చిత్రాలు చూపాయి. అక్కడ పౌరులను చంపింది రష్యా సైనికులేనని ఐరాస మానవ హక్కుల కార్యాలయం విచారణ జరిపి నమోదు చేసింది. వోట్కిన్స్క్ గేటు దగ్గర సెంటీమీటర్లు కొలిచిన మనిషి, బుచా విషయంలో కొలతే లేకుండా తీర్పు చెప్పారు. రష్యా ప్రభుత్వ మీడియాలో ఆయన మాటకు చోటు పెరిగింది. 2024 జూన్‌లో రష్యాకు బయల్దేరిన ఆయన పాస్‌పోర్టును అమెరికా అధికారులు స్వాధీనం చేసుకున్నారు, ఆగస్టులో ఎఫ్‌బీఐ ఇంట్లో సోదాలు చేసింది.

ప్రభుత్వాన్ని విమర్శించడం ఆయన హక్కు. ఆ హక్కును ఎవరూ తీసేయకూడదు. అమెరికా అబద్ధం ఆడుతున్న చోట ఎదుటి పక్షం నిజమే చెబుతోందని అనుకోవడం మాత్రం తనిఖీ అధికారి పద్ధతి కాదు. ఇరాక్ అబద్ధాలను ఏడేళ్లు విప్పిచూపిన మనిషికి ఇది తెలియనిది కాదు.

గేట్లు మూసుకుంటున్నాయి

రిట్టర్ తనిఖీ పాఠాలు నేర్చుకున్న మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం 2019 ఆగస్టులో ముగిసింది. అమెరికా, రష్యాల వ్యూహాత్మక అణ్వాయుధాలకు పరిమితి పెట్టిన ‘న్యూ స్టార్ట్’ కింద జరగాల్సిన తనిఖీలు 2020 మార్చిలో కొవిడ్ కారణంగా ఆగి, మళ్లీ మొదలుకాలేదు. 2023 ఫిబ్రవరిలో రష్యా తన భాగస్వామ్యాన్నే నిలిపేసింది. 2025 జూన్‌లో ఇరాన్ అణు కేంద్రాలపై బాంబులు పడ్డాక ఆ దేశం అణుశక్తి సంస్థతో సహకారం ఆపేస్తూ చట్టం చేసింది. 60 శాతం శుద్ధి చేసిన యురేనియం 400 కిలోలకు పైగా ఎక్కడ, ఏ స్థితిలో ఉందో తనిఖీ అధికారులు నేరుగా సరిచూడలేని పరిస్థితి వచ్చింది. ఇరాక్‌లో 1998 తర్వాత కమ్మిన చీకటి ఇలాంటిదే.

కొలిచేవాళ్లను గేటు బయటే ఆపేస్తే ఆ ఖాళీలోకి కథలు చెప్పేవాళ్లు వస్తారు. కొందరు యుద్ధం కావాలంటారు, కొందరు యుద్ధమంతా ఎదుటివాళ్ల కుట్రంటారు. ఇద్దరి దగ్గరా ఉండేది ధీమాయే. రిట్టర్ ఒక్క జీవితంలోనే ఈ రెండు దశలూ ఉన్నాయి: చూసి చెప్పిన ఏళ్లు, చూడకుండా చెప్పిన ఏళ్లు. మొదటిదానికి ఆయనకు గౌరవం దక్కాలి. రెండోదానికి ఆ గౌరవాన్ని అరువివ్వకూడదు.

యుద్ధం వార్త వచ్చిన ప్రతిసారీ మన ఫోన్లలో ‘మాజీ అధికారి సంచలన నిజాలు’ అంటూ వీడియోలు వచ్చిపడతాయి. వాటిని నలుగురికీ పంపే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈయన అక్కడికి వెళ్లారా? ఎప్పుడు వెళ్లారు? చూసినదాన్ని ఇతరులు సరిచూసేలా బయటపెట్టారా? జవాబు లేకపోతే అది ఒక మనిషి అభిప్రాయం మాత్రమే. ఏ దేశం మాట మీదైనా అనుమానం ఉంటే బాంబుల కన్నా ముందు తనిఖీ బృందాలను పంపమనీ, వెళ్లినవాళ్లను పని పూర్తిచేయనివ్వమనీ గట్టిగా అడగండి. ఇరాక్‌లో బ్లిక్స్ అడిగింది కొన్ని నెలలు. అవి ఇవ్వకపోవడానికి లక్ష ప్రాణాలు మూల్యమయ్యాయి.